వంత పాడటం చిన్నతనమా?

"వాడిదేముందండీ, పై ఆఫీసరు ఏమంటే దానికి వంత పాడతాడు!"

ఈ మాట మన తెలుగులో తిట్టు కిందే లెక్క. వంత పాడేవాడికి సొంత గొంతు ఉండదని మన నమ్మకం. సినిమా పాటల విషయంలోనూ అంతే. ఆ రోజుల్లో రికార్డు మీద ఇద్దరు గాయకుల పేర్లు అచ్చేసి, పక్కన "బృందం" అని ఒక్క మాట తగిలించేవారు. ఆ బృందంలో ఎంతమంది ఉన్నారో, వాళ్ళ పేర్లేమిటో ఎవరికీ పట్టేది కాదు. నాట్లు వేసే పాటా, పడవ పాటా, పెళ్ళి పాటా వాళ్ళు లేకుండా నిలబడేవి కావు. అయినా వాళ్ళ పేరు "బృందమే"!

ఈ బృందాన్నే తీసుకొచ్చి స్టేజీ మధ్యలో నిలబెట్టిన సినిమావాళ్ళు ముగ్గురున్నారు. ఈ వారం కబుర్లు వాళ్ళ గురించే.

మొదటాయన సలిల్ చౌధురి. "దో బీఘా జమీన్" (1953)కి కథా, సంగీతమూ ఆయనవే. అందులో మన్నాడే, లతా మంగేష్కర్‌తో పాటు పల్లెజనమంతా కలిసి పాడే పాటలు గుర్తున్నాయి కదా? అవి వింటే ఆయన బృందాన్ని వెనక పరదాలా వాడలేదని తెలుస్తుంది. ఆయన ప్రజానాట్య ఉద్యమంలోంచి వచ్చిన మనిషి. జనం పాడితేనే పాట అనే పట్టుదల ఆయనది. 1950ల్లో బొంబాయిలో "బాంబే యూత్ కోయిర్" మొదలుపెట్టారు. చర్చికి సంబంధం లేని బృందగానం మన దేశంలో అప్పటికి చాలా కొత్త. అన్నట్టు, మన "ఛైర్మన్ చలమయ్య" (1974) సంగీతం కూడా ఈయనదే సుమండీ!

రెండో ఆవిడ రుమా గుహ ఠాకుర్తా. కిశోర్ కుమార్ మొదటి భార్య, అమిత్ కుమార్ తల్లి అని చెబితే మన పాఠకులు చప్పున గుర్తుపడతారు. కాని ఆవిడ పరిచయం అంతటితో అయిపోదు. నటి, గాయని, సత్యజిత్ రాయ్ "గణశత్రు"లో డాక్టరు గారి భార్య. 1958లో ఆవిడ "కలకత్తా యూత్ కోయిర్" పెట్టారు. సలిల్ చౌధురి, సత్యజిత్ రాయ్ ఆవిడకు తోడు నిలిచారు. 2019లో ఆవిడ కన్నుమూశారు. అంటే అరవై ఏళ్ళ పైచిలుకు ఆ బృందంతో ఆవిడ పేరు ముడిపడే ఉంది. సినిమా వేషాలు వచ్చాయి, పోయాయి. బృందం మాత్రం ఉంది.

మూడో ఆయన గురించి మనం కాస్త ఎక్కువ చెప్పుకోవాలి. ఎందుకంటే ఆయన పుట్టింది మన చిత్తూరులో! 1925లో. పేరు ఎం.బి. శ్రీనివాసన్. అందరూ ఎం.బి.ఎస్. అనేవారు. మలయాళ ప్రేక్షకులకు కొట్టిన పిండి. అదూర్ గోపాలకృష్ణన్ "స్వయంవరం" (1972), "ఎలిప్పత్తాయం" (1981) చిత్రాలకు సంగీతం ఆయనదే. ఏసుదాసు మొట్టమొదటి సినిమా పాట రికార్డు చేయించింది కూడా ఆయనే. 1961 నవంబరు 14న, మద్రాసులో మన భానుమతి గారి భరణీ స్టూడియోలో. చిత్రం "కాల్పాడుకళ్". పాట నారాయణ గురు పద్యం. కులభేదమూ మతద్వేషమూ లేని చోటు గురించి ఆ పద్యం. ఏసుదాసు లాంటి గొంతుకు అంతకంటే మంచి నాంది ఎక్కడ దొరుకుతుంది చెప్పండి?

ఎం.బి.ఎస్. కూడా ప్రజానాట్య ఉద్యమం మనిషే. జలియన్‌వాలా బాగ్ రోజుల నాయకుడు సైఫుద్దీన్ కిచ్లూ కుమార్తె జహీదాను పెళ్ళి చేసుకున్నారు. సినిమా వాద్యకారులకు సంఘం కావాలని మద్రాసులో ముందు నిలబడ్డవాళ్ళలో ఆయన ఒకరు. పేరు లేనివాళ్ళ పక్షాన మాట్లాడటం ఆయనకు అలవాటు. అలాంటి మనిషి 1970ల మొదట్లో "మద్రాస్ యూత్ కోయిర్" పెట్టడంలో వింతేముంది? సంగీతం వృత్తి కానివాళ్ళను చేరదీసి, భారతి పాటలూ, దేశంలోని రకరకాల భాషల పాటలూ నేర్పించారు.

"నలుగురూ కలిసి పాడితే సరి, దానికి నాయకుడెందుకు?" అని మీరడగవచ్చు. భజన గోష్టిలో అందరూ ఒకే వరస పాడతారు. ఎవరైనా కాస్త పైకి పోయినా, తాళం తప్పినా దేవుడు క్షమిస్తాడు! కోయిర్‌లో అలా కాదు. ఆడవాళ్ళలో పై గొంతులూ, కింది గొంతులూ వేరు. మగవాళ్ళలోనూ అంతే. ఒకేసారి నాలుగు వరసలు నడుస్తాయి. పక్కవాడి వరస చెవిలో పడుతుంటే మన వరస తప్పకుండా పాడాలి. పాడి చూడండి తెలుస్తుంది!

పైగా మన రాగాలతో ఇంకో చిక్కు. మోహన రాగమే తీసుకోండి. స, రి, గ, ప, ద – అయిదే స్వరాలు. పాశ్చాత్య పద్ధతిలో పంచమం మీద గొంతులు పేర్చాలంటే ప, ని, రి కావాలి. మోహనలో నిషాదం ఏదీ? పెడితే మోహన చెడుతుంది. పెట్టకపోతే కట్టడంలో ఒక రాయి తక్కువవుతుంది. అందుకని నాయకుడు వేరే దారి వెతుక్కోవాలి. ఒక వరస నిలబడి ఉంటే ఇంకో వరసను నడిపించాలి. ఒకరు అన్నది ఇంకొకరు అందుకునేలా అల్లాలి. రాగమూ పోకూడదు, గొంతులూ కలవాలి. సినిమా పాటకు బాణీ కట్టటం కంటే ఇదేం తక్కువ పని కాదు.

ఊపిరి సంగతి ఇంకా తమాషా. అందరూ ఒక్కసారే ఊపిరి పీలిస్తే పాటలో గుంట పడుతుంది. అందుకే ఒకరు పీల్చేటప్పుడు పక్కవాళ్ళు పాడుతూ ఉండాలి. నీ లోటు పక్కవాడు పూడుస్తాడు, వాడి లోటు నువ్వు పూడుస్తావు. మంచి గొంతు ఉన్నవాడు నలుగురిలో తన గొంతు విడిగా వినపడేలా పాడితే, ఇక్కడ అది గొప్ప కాదు, తప్పు! ఎంత గొంతున్నవాడైనా ఇక్కడ కాస్త తగ్గి పాడాల్సిందే.

ఇంక నాయకుడంటారా? సభకు వీపు చూపించి నిలబడే మనిషి ఆయన. మన కచ్చేరీల్లో విద్వాంసుడు మనకు ఎదురుగా కూర్చుంటాడు, శభాష్ అంటే చిరునవ్వు నవ్వుతాడు. ఈయన ముఖం మనకు కనిపించదు. కనిపించేది పాడేవాళ్ళకే. ఒక చెయ్యి తాళం, ఇంకో చెయ్యి "ఇప్పుడు మీరు", "కాస్త మెల్లగా". గంటన్నర కార్యక్రమంలో ఆయన నోటి వెంట ఒక్క స్వరమైనా రాకపోవచ్చు.

1988 మార్చిలో ఎం.బి.ఎస్. లక్షదీవుల్లో హఠాత్తుగా చనిపోయారు. అరవై రెండేళ్ళు. అసలు పరీక్ష అప్పుడే మొదలు. సంగీత దర్శకుడు పోతే పాటలు రికార్డుల్లో మిగులుతాయి. కోయిర్‌కు అలా కుదరదు. వచ్చే ఆదివారం రిహార్సలుకు జనం వస్తేనే అది ఉన్నట్టు. రాకపోతే లేనట్టే. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు చెయ్యెత్తి నడపటం కూడా నేర్చుకున్నారు కనుక పాట ఆగలేదు. ఆయన పేరు పెట్టుకున్న యూత్ కోయిర్ కూడా వచ్చింది. కోయిర్ నాయకుడి గొప్పతనం ఆయన ఉన్నప్పటి చప్పట్లతో తేలదు. ఆయన లేని మొదటి రిహార్సలుతో తేలుతుంది.

మనకిది పరాయి విద్యేం కాదండోయ్. సలిల్ చౌధురినీ ఎం.బి.ఎస్.నీ తయారుచేసిన ఉద్యమమే మన దగ్గర ప్రజానాట్యమండలి. ఆ మండలి బుర్రకథకుడు షేక్ నాజర్ పక్కన చూడండి – అటొకరు హాస్యం, ఇటొకరు రాజకీయం. ఆ ఇద్దర్నీ ఏమంటాం? వంతలు! వాళ్ళు లేకపోతే కథ నడవదు. కథకుణ్ణి నిలదీసేదీ, జనాన్ని నవ్వించేదీ వాళ్ళే. అంత గౌరవమైన మాటను తిట్టు చేసుకున్నది మనమే.

ఇప్పుడు స్టూడియోల్లో నాలుగు గొంతుల్ని మళ్ళీ మళ్ళీ రికార్డు చేసి నలభై మందిలా వినిపించవచ్చు. ఖర్చు తక్కువ, గొడవ తక్కువ. కాని పక్కవాడు ఊపిరి తీసుకునేటప్పుడు వాడి లోటు పూడ్చే పని ఏ యంత్రానికీ అక్కర్లేదు. అది మనుషులకే కావాలి.

మన కాలనీల్లో వినాయకచవితి కమిటీలున్నాయి, క్రికెట్ జట్లున్నాయి, అభిమాన సంఘాల సంగతి సరేసరి! ఒక ఇరవైమంది ఆదివారం పొద్దున్నే చేరి పాడుకునే చోట్లు ఎన్ని ఉన్నాయి? హార్మోనియం వాయించే మాస్టారు మీ వీధిలోనే ఉండి ఉంటారు. వెళ్ళి అడగండి. మీ గొంతు బాగుండదంటారా? ఫరవాలేదు. వంత పాడటానికే కదా!