ఇంగ్లీషు వాక్యాన్ని విప్పి చూపండి
సింహాచలం, అడివివరం తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు విజ్ఞప్తి

1966లో ఈ ప్రాంతాన్ని కదిలించిన నినాదంలో ఉన్నవి నాలుగే మాటలు: ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’. అందులో క్రియ లేదు. ‘క్కు’ మీద రెండుసార్లు పడే దెబ్బే దాని బలం. అక్షరం ముక్క రానివాళ్లకు కూడా ఒక్కసారి వింటే నోటికొచ్చింది. అదే ఉక్కు కర్మాగారం గురించి 2021 జనవరి 27న కేంద్రం తీసుకున్న నిర్ణయం మాత్రం ‘స్ట్రాటెజిక్ డిజిన్వెస్ట్‌మెంట్’ అనే మాటతో వచ్చింది. అమ్మకానికి తొడిగిన మెత్తటి ముసుగు అది. చచ్చిపోయాడని అనలేక ‘కాలం చేశాడు’ అంటామే, ఆ తీరు. ఇంటి మాటలో ఈ ముసుగు మనకు తెలుసు. ఇంగ్లీషులో ఎదురైతే పోల్చుకోలేం. హక్కును తెలుగులో చాటుకుంటున్నాం, దాని మీద నిర్ణయం ఇంగ్లీషులో వస్తోంది. అలాంటి ఇంగ్లీషు వాక్యాన్ని విప్పి చదవడం మన పిల్లలకు నేర్పాలి, అదీ తెలుగు మీదుగా నేర్పాలి.

సింహాచలం దేవస్థానం భూముల మీద మన పంచగ్రామాల సమస్య దశాబ్దాలుగా నలుగుతూ వచ్చింది, హైకోర్టుకూ ఎక్కింది. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం హైకోర్టు వ్యవహారం ఇంగ్లీషులో నడుస్తుంది. ఇలాంటి వ్యవహారాల కాగితాల్లో తరచు కనిపించే రెండు తీరులు చూడండి. ‘ఇట్ హాజ్ బీన్ డిసైడెడ్’ అంటే నిర్ణయం ఉంది, నిర్ణయించినవాడు లేడు. మన ఆఫీసు తెలుగులో ‘నిర్ణయించడమైనది’ చేసే పనీ అదే. రెండోది ఇంకా చిక్కు. తెలుగులో ‘రుసుము కడితే క్రమబద్ధం చేస్తాం’ అంటాం. షరతు ముందు, హామీ తర్వాత. ఇంగ్లీషు కాగితంలో హామీ ముందే కనిపిస్తుంది, ‘సబ్జెక్ట్ టు’ అంటూ షరతులు తోకలో ఉంటాయి. సగం చదివి సంబరపడినవాడు దెబ్బతినేది అక్కడే.

ఇలాంటి వాక్యాలు విప్పి చదవడానికి కావలసిన సరుకు బడిలోనే ఉంది. తెలుగు పీరియడ్‌లో సామాన్య, సంక్లిష్ట, సంయుక్త వాక్యాలు చెబుతారు. ఇంగ్లీషు పీరియడ్‌లో సింపుల్, కాంప్లెక్స్, కాంపౌండ్. అక్కడ ఉపమ, రూపకం. ఇక్కడ సిమిలీ, మెటఫర్. ఇవి చుట్టాలని చెప్పేవాళ్లు లేక పిల్లలు ఒకే పాఠాన్ని రెండుసార్లు బట్టీ పడుతున్నారు. ఉక్కు-హక్కు ప్రాస తెలిసిన పిల్లకు, బ్రిటన్ మీద తిరగబడిన అమెరికా వలసల నినాదం ‘నో టాక్సేషన్ వితౌట్ రిప్రజెంటేషన్’ వినిపించండి. ఇక్కడా క్రియ లేదని, ఇక్కడా అంత్యప్రాసేనని ఇట్టే పట్టుకుంటుంది. అందుకే 8 నుంచి 10 తరగతులకు, ఇప్పుడున్న పీరియడ్లలోనే వారానికి ఒకటి తెలుగు, ఇంగ్లీషు మాస్టార్లు కలిసి చెప్పాలి. పాఠం పద్యమే కానక్కర్లేదు. ఒక నోటీసు, ఒక ప్రకటన, ఒక బ్యాంకు ఉత్తరం చాలు.

తెలుగు కలిపితే ఇంగ్లీషు పాడవుతుందని కొందరి భయం. మాటకు మాట పెట్టి అనువదిస్తే పాడయ్యే మాట నిజమే. కానీ ‘అర్జీ పెట్టి, రశీదు తీసుకుని, వారం ఆగి వెళ్లాడు’ అన్నప్పుడు మన అసలు క్రియ చివర కూర్చుంటుందని, ఇంగ్లీషులో అది కర్త పక్కనే ఉంటుందని తెలిసిన పిల్ల ఆ తప్పు చెయ్యదు. పోలికతోపాటు తేడా చూపడమే మందు. మార్కులకు పనికిరాదంటారా? కర్తరిని కర్మణిగా మార్చమని పరీక్షలో అడుగుతూనే ఉన్నారు. ఎందుకు మారుస్తారో తెలిస్తే ఆ జవాబు గుర్తుంటుంది. అలంకారాలు కవుల సొత్తు అంటారా? సబ్బు ప్రకటన నుంచి ఎన్నికల హామీ వరకు అన్నీ వాటి మీదే బతుకుతున్నాయి. బడి భాష బతుకుకు పనికిరావాలని వాదించిన గిడుగు, గురజాడ ఈ ఉత్తరాంధ్రవాళ్లే. మనం అడుగుతున్నది దానికి కొనసాగింపు.

ఈసారి బడి కమిటీ సమావేశానికి వెళ్లేటప్పుడు, ఇంట్లో అర్థంకాక దాచిపెట్టిన ఇంగ్లీషు కాగితం ఒకటి పట్టుకెళ్లండి. బల్ల మీద పెట్టి, మా పిల్ల దీన్ని చదివి మాకు తెలుగులో చెప్పగలిగేలా నేర్పండని అడగండి.