గరిటెతో వడ్డించిన కట్నము

ధనుర్మాసము వెళ్లి మాఘము వచ్చినతోడనే మన యూళ్లలో పెండ్లి బాజాలు మ్రోగ నారంభించును. మంచి ముహూర్తములు కొద్ది; కల్యాణ మంటపములు కొద్ది; చేయి తిరిగిన వంటవారు అంతకంటె కొద్ది. అందఱికిని ఆ కొద్ది దినములే కావలెను గనుక వెలలు పెరుగును. ఇట్టి సమయమున ఆడపిల్ల తండ్రి కాగితమును కలమును పట్టుకొని క్యాటరింగువారి యెదుట కూర్చుండును. ఆ కాగితముపై వంటకముల పట్టీని నిర్ణయించువాడు అతడేనా? తఱచుగా కాదు. "మాకు కట్నము వద్దు, మా బంధువులకు భోజనములు మాత్రము ఘనముగా నుండవలెను" అని మగపెండ్లివారు మిగుల నుదారముగా సెలవిత్తురు.

1961వ సంవత్సరపు చట్టము కట్నము నిచ్చుటను, పుచ్చుకొనుటను గూడ నేరముగా జేసినది. ఆ చట్టమునకు వెఱచి సంచిలోనికి రాని ధనము విస్తరిలోనికి వచ్చుచున్నది. ఒకరు కోరి, వేఱొకరిచేత వ్యయము చేయించు విందు గరిటెతో వడ్డించిన కట్నము గాక మఱేమి?

"ఒక్కతే కూతురు, ఒక్కమాఱే పెండ్లి, ఆ మాత్రము సంబరము వలదా?" అని కొందఱందురు. సంబరము వలదని యెవరన్నారు? నలువది వంటకములుండుటయే సంబరమా యని మాత్రమే మా ప్రశ్న. మనుష్యునకు కడుపు ఒక్కటియే. పళ్లెము చేతబట్టుకొని బఫే బల్లల చుట్టు తిరుగు అతిథి పానీపూరి తిని, నూడుల్సు రుచి చూచి, మూడు తీపులను కొఱికి, కడపట అన్నము కలిపి విడిచిపెట్టును. శీతకాలపు రాత్రి ఆ బల్లలపై పప్పు చల్లారును, నెయ్యి పేరుకొనును. ఆడపిల్ల తండ్రి చేసిన అప్పు మాత్రము చల్లారదు.

ఇచ్చట మఱియొక శీతకాలపు పెండ్లిని జ్ఞాపకము చేసికొందము. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తమ మొదటి వితంతు వివాహమును జరిపించిరి. వెలివేతకు జడిసి వంటవారును నీళ్లు తెచ్చువారును మానుకొన్న ఆ దినములలో ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరినుండి నీరు మోసి వంట చేసిరి. ఆనాడు అట్టి పెండ్లి పంక్తిలో కూర్చుండుటకే ధైర్యము కావలసి యుండెను. ప్రక్కన కూర్చుండి తిను మనుష్యుడే ఆ విందునకు గౌరవము. నేడు కూర్చుండువారికి కొదువ లేదు. గౌరవమును మాత్రము పట్టీలో వెదకుచున్నాము.

ఋతువే మనకు సాయపడుచుండగా ఈ యాడంబర మేల? మాఘమున చిక్కుడు, వంకాయ, కంద, ముల్లంగి, కొత్తిమీర సమృద్ధిగా దొరకును. పరమాన్నమునకు కొత్త బెల్లము చాలును. అన్నమునకు మాత్రము పాత బియ్యమే కొనవలెను. కొత్త బియ్యము ముద్దగట్టును. పప్పు, రెండు కూరలు, ఒక పచ్చడి, పులిహోర, చారు, అప్పడము, పరమాన్నము, నెయ్యి, పెరుగు: ఈ పది చక్కగా కుదిరిన భోజనమును ఎవరు నిందింతురు? చలికి పెరుగు ఆలస్యముగా తోడుకొనును గనుక ముందునాటి సాయంకాలమే వెచ్చని చోట తోడు వేయింపవలెను. వచ్చువారి సంఖ్యను వారము ముందే అడిగి తెలిసికొని, కిలో బియ్యము ఎనిమిది మందికి చొప్పున లెక్క వేసి, విడతలుగా వండించి, పొయ్యి మీదినుండి పంక్తికి వేడిగా తేవలెను. వడ్డించు పిల్లలు అర్ధరాత్రి మిగిలిన చల్లని మెతుకులు తినకుండునట్లు, పంక్తులు వేయుటకు ముందే వారికి అన్నము పెట్టవలెను.

కొడుకులను గన్న తల్లులారా! ఈ సంస్కారమునకు సభలు అక్కఱలేదు, తీర్మానములు అక్కఱలేదు. వియ్యపురాలిని పిలిచి, "వదినగారూ! విందు వ్యయములో సగము మాది" అని ఒక్క మాట చెప్పుడు. సగము మీదియైన మఱుక్షణమున ఆ నలువది వంటకములును తమంతట తామే పదియగును.