ముద్ర వేసిన నమూనా

గోదావరిఖనిలో జనులు గనిని బాయి యని పిలుతురు. ఆ బాయిలనుండియు, ఓపెన్‌కాస్టు గనులనుండియు సింగరేణి సంస్థ తీసిన బొగ్గు, అందులకై వేసిన రైలు మార్గముమీద రామగుండము విద్యుత్కేంద్రమునకు చేరుచుండును. 1978లో శంకుస్థాపన జరిగిన ఆ కేంద్రము ఎన్.టి.పి.సి. సంస్థది. అమ్మునదియు ప్రభుత్వ రంగ సంస్థయే, కొనునదియు ప్రభుత్వ రంగ సంస్థయే, పైగా ఇరుగుపొరుగు. అయినను మాట నమ్మి బొగ్గు తీసికొను ఆచారము అక్కడ లేదు.

బొగ్గంతయు నల్లగనే యుండును గాని అంతటను వేడి సమానముగ నుండదు. ఒకదానిలో బూడిద హెచ్చు, ఇంకొకదానిలో తేమ హెచ్చు. అందుచే 2012 జనవరి 1 నుండి మన దేశమున బొగ్గు తరగతిని దానిని కాల్చగా వచ్చు వేడినిబట్టి నిర్ణయించుచున్నారు. కిలోగ్రాము బొగ్గు 7000 కిలోకేలరీలకు మించిన వేడి నిచ్చినచో అది మొదటి తరగతి. అక్కడినుండి 300 చొప్పున దిగుచు పదునేడవ తరగతివరకు మెట్లు గలవు. వాగనులలో అక్కడక్కడ బొగ్గును తీసి, కలిపి, నూరి, భాగములు చేసి పరీక్షింతురు. ఇరుపక్షములకును చెందని పరీక్షకులు ఈ పని చేయుదురు. ఒక భాగమును ముద్ర వేసి దాచుదురు. తగవు పుట్టినచో ఆ ముద్రను విప్పి మరియొకచోట పరీక్ష చేయింతురు. తరగతి తగ్గినదని తేలినచో సొమ్మును తగ్గింతురు. ఇందు ఒకరినొకరు అవమానించుకొన్నట్లు ఎవరును తలపరు. వ్యాపారమనగా అదియే.

ఇక అదే గోదావరిఖని బజారులో ఒక గని కార్మికుని ఇల్లాలు కుక్కరు కొనుటకు పోయినదనుకొందము. ఆమె దానిని వ్రేళ్లతో కొట్టి చూచును, మూత బిగించి చూచును, వెల బేరమాడును. అంతకుమించి ఆమె చేయగలది లేదు. లోహపు మందము సరియైనదా, ఆవిరి మితిమీరినపుడు రక్షక కవాటము తెరచుకొనునా యన్నది కంటికి తెలియదు. తెలియు దినమున వంటింటిలో ప్రమాదము జరిగియే యుండును. టన్నులకొలది కొను సంస్థకున్న రక్షణ ఒక్క పాత్రను కొను ఇల్లాలికి లేకపోవుట న్యాయము కాదు. నిజమునకు ఆమెకే అది ఎక్కువ అవసరము. బొగ్గు నాసిగా వచ్చిన సంస్థకు పోవునది ధనము. ఆమెకు పోవునది ప్రాణము.

కంటికి కనబడని లోపమెంత చేయునో గనుల చరిత్రయే చెప్పును. 1812లో ఇంగ్లండులోని ఫెల్లింగు గనిలో వాయువు పేలి 92 మంది మరణించిరి. పిమ్మట 1815లో హంఫ్రీ డేవీ యను శాస్త్రజ్ఞుడు దీపజ్వాల చుట్టును సన్నని తీగవలను అమర్చిన రక్షకదీపమును నిర్మించెను. ఆ వలలో చదరపు అంగుళమునకు 784 రంధ్రములుండెడివి. అంత సన్నని వల జ్వాల వేడిని హరించుటచే మంట వెలుపలి వాయువునకు అంటుకొనదు. కాని ఒక్క తీగ తెగినను, తుప్పు పట్టి ఒక్క రంధ్రము పెద్దదైనను ఆ దీపమునకును మామూలు దీపమునకును భేదముండదు. చూచుటకు మాత్రము రెండును రక్షకదీపములే! మంచి సాధనమును కనుగొనుట ఒక యెత్తు, ప్రతి ప్రతిలోను ఆ మంచితనమును నిలుపుట మరియొక యెత్తు. ఈ రెండవదానికే ప్రమాణమని పేరు.

మన దేశమున ఈ పనికై 1947లో భారతీయ ప్రమాణముల సంస్థ ఏర్పడెను. దాని ఆంగ్ల నామములోని పొడి అక్షరములే ఐ.ఎస్.ఐ. 1987లో దాని స్థానమున భారతీయ ప్రమాణముల బ్యూరో వచ్చినను, గుర్తు పాత పేరుతోనే నిలిచియున్నది. నిజమైన గుర్తునకు పైన ప్రమాణపు సంఖ్యయు, క్రింద తయారీదారుని లైసెన్సు సంఖ్యయు ఉండును. ఈ సంఖ్యలు లేని గుర్తు వట్టి బొమ్మ. ఇంటి కుక్కరుకు 2021 ఫిబ్రవరినుండియు, ద్విచక్ర వాహనపు హెల్మెట్టుకు అదే సంవత్సరము జూను నుండియు ఈ గుర్తు తప్పనిసరి యైనది.

హెల్మెట్టు ప్రసక్తి వచ్చినది గనుక ఒక వింతను చెప్పక తీరదు. గనిలో దిగు కార్మికుడు ఆమోదము పొందిన రకపు టోపీనే ధరించును. అది లేనివానిని లోనికి పోనీయరు. ఆ కార్మికుడే రాత్రి షిఫ్టు ముగించుకొని మోటారుసైకిలెక్కి రాజీవ్ రహదారిమీద ఇంటికి పోవునపుడు, బాటప్రక్కన చౌకగా కొన్న డిప్పను తలకు తగిలించుకొనుట కలదు. అసలు హెల్మెట్టులో గట్టి పెంకు లోపల దెబ్బ తగిలినపుడు తాను నలిగి తలను కాపాడు దళసరి పొర యుండును. డిప్పలో ఆ స్థానమున పలుచని మెత్త మాత్రముండును. అది పోలీసును తృప్తిపరచునే గాని రాతిని తృప్తిపరచదు. ఇందు దోషము కొన్నవానిదొక్కనిదే యనుట అన్యాయము. అమ్మరాని వస్తువు బాటప్రక్కకు ఎట్లు వచ్చినదని ముందు అడుగవలెను.

అడుగుటకు చట్టమున్నది. 1986లో వినియోగదారుల రక్షణ చట్టము వచ్చెను; దాని స్థానమున 2019లో చేసిన క్రొత్త చట్టము 2020 జూలై 20 నుండి అమలులోనున్నది. వస్తులోపముచే హాని కలిగినచో తయారీదారుడే ఉత్తరవాది యగునని ఇందు స్పష్టపరచిరి. ఈ భావము వెనుక స్కాట్లండులోని ఒక స్త్రీ వ్యాజ్యము కలదు. 1928లో స్నేహితురాలు కొనియిచ్చిన అల్లపు పానీయపు సీసాలో కుళ్లిన నత్త వచ్చినదని ఆమె ఫిర్యాదు చేసెను. వస్తువును కొన్నది ఆమె కాకపోయినను తయారీదారునకు ఆమెయెడల బాధ్యత గలదని 1932లో ప్రభువుల సభ తీర్పు చెప్పెను. మన చట్టమునందును, కొన్నవాని అనుమతితో వాడువాడు సైతము వినియోగదారుడే. కొడుకు కొన్న కుక్కరుకై తల్లి ఫిర్యాదు చేయవచ్చును. కంపెనీ ఎంత దూరముననున్నను ఆమె తాను నివసించు జిల్లాలోని కమిషను నొద్దనే, న్యాయవాది లేకయే, రెండేండ్లలోపల ఫిర్యాదు వేయవచ్చును. ఐదు లక్షలకు మించని వెలగల వస్తువుపై ఫిర్యాదు రుసుము లేదు. రసీదు మాత్రము దాచుకొనవలెను.

ఈ చట్టములో బొగ్గు వ్యవహారమును తలపించు నియమమొకటి కలదు. పరీక్షలేక లోపము తేలనిచో, కమిషను ఆ వస్తువు నమూనాను తీసికొని, ముద్ర వేసి, ప్రయోగశాలకు పంపును. సాధారణముగ 45 దినములలో నివేదిక రావలెను. విద్యుత్కేంద్రమునకు దొరకు ముద్ర ఇల్లాలికిని దొరకినది.

చిన్న తయారీదారులు ఈ ప్రమాణముల బరువు మోయలేరని కొందరి వాదము. అందు కొంత నిజమున్నది. పరీక్ష చేయించుటకు వ్యయమగును. దానికి మందు దగ్గరలో ప్రయోగశాలలు పెట్టి, చిన్నవారికి రుసుము తగ్గించుటయే గాని, పేలెడి కుక్కరును అమ్మనిచ్చుట కాదు. చౌక వస్తువు పేదవానికి మేలను మాటయు అట్టిదే. జీతపు దినమున మిగిలిన కొద్దిపాటి సొమ్ముతో కొనువానికి, మరియొకటి కొనుటకు శక్తియుండదు.

చట్టమున సరిదిద్దవలసిన చోటు వేరొకటి కలదు. నమూనాను పంపుటకు ముందు ప్రయోగశాల రుసుమును ఫిర్యాదుదారుచేత కట్టింపవచ్చునని అందున్నది. పెద్ద సంస్థకు పరీక్ష వ్యయము లెక్కలోనిది కాదు. రెండువేల రూపాయల కుక్కరుకై పరుగులిడు ఇల్లాలికి అదియే అడ్డుగోడ కావచ్చును. 1992 నాటి నియమములతో ఏర్పడిన వినియోగదారుల సంక్షేమ నిధి యుండనే యున్నది. ఆ రుసుమును మొదట నిధి భరింపవలెను. లోపము తేలినచో తయారీదారునివద్ద వసూలుచేసి తిరిగి నిధిలో వేయవచ్చును; తేలనిచో నిధికి కలుగు నష్టము స్వల్పము.