'సెపరేషన్' అంటే ఎవరు ఎవరిని వేరు చేసినట్టు?

మిల్లు గేటు దగ్గర అంటించే నోటీసుల్లో ఒక ఇంగ్లీషు మాట తరచుగా కనబడుతోంది. అది 'సెపరేషన్'. పైన 'వాలంటరీ సెపరేషన్ స్కీము' అని పెద్ద అక్షరాలుంటాయి, కింద లెక్కలుంటాయి, ఆఖరున సంతకానికి జాగా ఉంటుంది. ఆ కాగితం పట్టుకొని యూనియన్ ఆఫీసుకు వచ్చే కార్మికులు మొదట అడిగేది డబ్బు ఎంత వస్తుందని. అది అడగవలసిందే. కాని అంతకంటే ముందు ఆ మాట సంగతి తేల్చుకోవాలని మా అభిప్రాయం. మనకు ఏ హక్కు మిగులుతుందో, ఏది పోతుందో నిర్ణయించేది ఆ మాటే.

ఇంగ్లీషులో సెపరేషన్ అంటే వేరు కావడం. పాల నుంచి మీగడ తీసే మిషనును సెపరేటర్ అంటారు. మన రింగ్ ఫ్రేములో కదురుకూ కదురుకూ నడుమ ఉండే పలక కూడా సెపరేటరే. ఒక దారం పక్క దారానికి తగిలి తెగిపోకుండా అది అడ్డుగా నిలుస్తుంది. రెండు దారాలూ వాటి వాటి బాబిన్ల మీద సవ్యంగా చుట్టుకుంటాయి. ఆ వేరు చేయడంలో దేనికీ నష్టం లేదు.

కోర్టులో ఇదే మాటకు ఇంకో అర్థం ఉంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం 10వ సెక్షన్ కింద భార్యాభర్తలకు 'జుడీషియల్ సెపరేషన్' ఇస్తారు. ఇద్దరూ వేరుగా ఉండవచ్చు గాని పెళ్లి రద్దు కాదు. భరణం అడిగే హక్కు పోదు. ఇక్కడ సెపరేషన్ అన్నంత మాత్రాన బంధం తెగలేదు. మిల్లు నోటీసులో మాత్రం అదే మాట బంధాన్ని పూర్తిగా తెంచేస్తోంది.

మన తెలుగులో ఈ గందరగోళం ఉండదు. 'విడిపోయారు' అంటే తమంతట తాము పోయినట్టు. 'విడగొట్టారు' అంటే ఇంకొకరు చేసినట్టు. 'వేరుపడ్డాడు' అనీ, 'వేరు చేశారు' అనీ మనం పూటకోసారి అంటూనే ఉంటాం, ఎవరి పని ఏమిటో వినేవారికి వెంటనే తెలుస్తుంది. ఇంగ్లీషు 'సెపరేషన్'లో ఆ తేడా కనబడదు. పోయినవాడెవడో, పంపినవాడెవడో ఆ మాట చెప్పదు. యాజమాన్యాలకు అది నచ్చింది అందుకేనని మేము అనుకుంటున్నాం. దానికి ముందు 'వాలంటరీ' అని ఇంకో మాట తగిలిస్తే, కార్మికుడు తానే వెళ్లిపోయాడని కాగితం మీద రుజువైపోతుంది.

చట్టం పేర్లు పెట్టడంలో ఇంత అస్పష్టంగా లేదు. 1947 ఇండస్ట్రియల్ డిస్ప్యూట్స్ చట్టంలో లే-ఆఫ్ వేరు, రిట్రెంచ్‌మెంటు వేరు, క్లోజరు వేరు. క్రమశిక్షణ చర్య కాకుండా, ఏ కారణం చేతనైనా యజమాని కార్మికుణ్ణి పని నుంచి తీసేస్తే అది రిట్రెంచ్‌మెంటు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్ అమలులోకి వచ్చింది. ఈ పేర్లు కోడ్‌లోనూ ఉన్నాయి. ఒక్కో పేరు వెనక ఒక్కో హక్కు ఉంది.

రిట్రెంచ్‌మెంటు అయితే నెల రోజుల నోటీసు గాని, దాని బదులు జీతం గాని ఇవ్వాలి. సర్వీసులో ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు జీతం నష్టపరిహారంగా ఇవ్వాలి. ఏడాదిలోపు యజమాని మళ్లీ మనుషులను తీసుకుంటే తీసేసిన వారికే ముందు అవకాశం ఇవ్వాలి. కొత్త కోడ్ ప్రకారం 15 రోజుల జీతానికి సమానమైన మొత్తం రీస్కిల్లింగ్ ఫండు నుంచి కూడా కార్మికుడి ఖాతాలో పడాలి. 2005లో ఈఎస్ఐ కింద తెచ్చిన నిరుద్యోగ భృతి పథకం కూడా మిల్లు మూతపడిన వారికి, రిట్రెంచ్‌మెంటు అయిన వారికి ఉద్దేశించిందే. తనంతట తాను విరమించుకున్నవారిని అందులో చేర్చలేదు.

పాత చట్టంలోనూ, కొత్త కోడ్‌లోనూ స్వచ్ఛంద విరమణ రిట్రెంచ్‌మెంటు కాదని స్పష్టంగా రాసి ఉంది. కాబట్టి 'వాలంటరీ' అన్న చోట సంతకం చేసినవాడికి పైన చెప్పినవేవీ హక్కుగా రావు. స్కీములో యాజమాన్యం ఏం రాస్తే అదే.

ఇంకో సంగతి కూడా గమనించాలి. నూరుమందికి పైబడిన మిల్లులో రిట్రెంచ్‌మెంటుకు గాని, మూతకు గాని ప్రభుత్వం అనుమతి కావాలని పాత చట్టం చెప్పేది. కొత్త కోడ్ ఆ నూరును మూడు వందలు చేసింది. అంతకంటే పెద్ద మిల్లుకు ఈనాటికీ అనుమతి తప్పదు. అనుమతి అడిగితే కారణాలు చెప్పాలి, కార్మికుల వాదన కూడా వినాలి. అదే రెండు వందల మంది 'తమంతట తాము' పోయినట్టు కాగితాలుంటే ఎవరినీ అడగనక్కరలేదు.

ఇది ఇవాళ పుట్టిన పద్ధతి కాదు. 1988లోనే కేంద్ర ప్రభుత్వం తన సంస్థల్లో స్వచ్ఛంద విరమణకు మార్గదర్శకాలు ఇచ్చింది. 1992 ఫిబ్రవరిలో నేషనల్ రెన్యువల్ ఫండు పెట్టారు. పని పోయినవారికి కొత్త పని నేర్పిస్తామన్నారు. ఆ డబ్బులో ఎక్కువ భాగం మనుషులను ఇంటికి పంపడానికే ఖర్చయింది. ముంబయి గిరణీల్లో 1982 జనవరి 18న మొదలైన సమ్మె తర్వాత వేలాది కుటుంబాలకు మిగిలింది 'హిసాబ్' ఒక్కటే. ఆ హిసాబ్ తీసుకొని కరీంనగర్, నల్లగొండ పల్లెలకు తిరిగి వెళ్లినవారిలో మన బంధువులు కూడా ఉన్నారు.

ఊళ్లో అన్నదమ్ములు వేరుపడితే పెద్దమనుషులు కూర్చుంటారు. ఇల్లు, పొలం, అప్పు అన్నీ లెక్కకు వస్తాయి. చిన్నవాడికి కూడా వాటా ఉంటుంది. మిల్లులో ముప్పై ఏళ్లు చేసినవాడు వేరుపడితే మిల్లు జాగాలో వాటా అన్న మాటే రాదు. పరేల్, లాల్‌బాగ్‌లలో గిరణీల జాగాల్లో పెద్ద భవనాలు లేచాయి. అక్కడ కార్మికులకు కొన్ని ఇళ్లయినా దక్కాయంటే అది పోరాటం వల్లనే. ఏ సెపరేషన్ స్కీములోనూ రాసి ఇచ్చింది కాదు.

కొందరు కార్మికులు మమ్మల్ని అడుగుతారు. "పేరు ఏదైతేనేం? డబ్బు చేతికి వస్తే చాలు కదా?" అని. వారి ఇబ్బంది మాకు తెలుసు. ఒంట్లో బాగాలేనివారు, కూతురి పెళ్లి నెత్తిమీద ఉన్నవారు, నిజంగానే పని చాలించుకోవాలనుకునేవారు ఉంటారు. వారు వెళ్తామంటే మేము తప్పు పట్టం. అయితే మూడు నెలలు పగార్ ఆపి, ఖాతాలు ఒక్కొక్కటే మూసి, 'ఈ నెల దాటితే ఇది కూడా ఉండద'ని పుకారు పుట్టించి, అప్పుడు కాగితం చేతికిస్తే దాన్ని స్వచ్ఛందం అనడానికి మేము ఒప్పుకోం. బలవంతంగా రాయించుకున్న రాజీనామా రాజీనామా కాదని కోర్టుల్లో వాదించవచ్చు. కాని రుజువు చేసే భారం కార్మికుడి మీద పడుతుంది. పైగా కొత్త కోడ్‌లో అలాంటి వివాదం కార్మికుడు స్వయంగా ట్రిబ్యునలుకు తీసుకుపోవడానికి గడువు మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది.

డబ్బు లెక్కలో కూడా జాగ్రత్త కావాలి. స్కీము మొత్తం పెద్దదిగా కనబడేందుకు గ్రాట్యుటీని, ప్రావిడెంట్ ఫండును అందులో కలిపి చూపిస్తుంటారు. అవి స్కీము ఇచ్చేవి కావు, ఎలాగూ మనవే. నెలకు మూలవేతనం, డీఏ కలిపి 13,000 రూపాయలున్న కార్మికుడు 25 ఏళ్లు చేస్తే, 13,000ను 26తో భాగించి, 15తో, 25తో గుణిస్తే 1,87,500 రూపాయలు గ్రాట్యుటీ వస్తుంది. స్కీములో చూపిన మొత్తం నుంచి దాన్ని, ఫండును తీసేయండి. మిగిలినదే మీ ఉద్యోగానికి వారు కడుతున్న ధర.

కాబట్టి మేము కోరేది ఇది. స్కీము కాగితం ఇంగ్లీషులోనే కాక మరాఠీలోనూ తెలుగులోనూ ఇవ్వాలి. గ్రాట్యుటీ, ఫండు విడిగా చూపాలి. ఆలోచించుకోవడానికి కనీసం నెల గడువుండాలి, ఆ గడువులో పగార్ ఆగకూడదు. యూనియన్లు కూడా తమ ఒప్పందాల్లో 'సెపరేషన్' అని రాయడం మానాలి. తీసేస్తే తీసేసినట్టు, మూస్తే మూసినట్టు రాయించాలి.

ఈలోగా ఎవరి చేతికైనా ఆ కాగితం వస్తే అక్కడికక్కడే సంతకం పెట్టవద్దు. ఇంటికి తీసుకెళ్లండి, ఇంట్లోవాళ్లకు చదివి వినిపించండి, మరునాడు యూనియన్ ఆఫీసుకు తీసుకురండి. మీరు విడిపోతున్నారా, మిమ్మల్ని విడగొడుతున్నారా అన్నది కలిసి కూర్చుని చూద్దాం. ఏ మాట నిజమో ఆ మాటే కాగితం మీద ఉండాలని యాజమాన్యాన్ని అడుగుదాం.