పరీక్ష చేయాల్సింది కూరకు, మన రక్తానికి కాదు

రక్తహీనత ఉంది, తోటకూర, పాలకూర తినమ్మా అంటే ఈమధ్య ఓపీలో ఎదురు ప్రశ్న వస్తోంది: ‘మూసీ నీళ్లతో పండిస్తున్నారట కదా సార్, తినమంటారా?’ న్యాయమైన అనుమానమే. హైదరాబాద్ మురుగు, పరిశ్రమల వ్యర్థాలు దశాబ్దాలుగా ఆ నదిలో కలిశాయి. ఆ నీటితో ఆకుకూరలూ పండిస్తున్నారు. సీసం, కాడ్మియం ఒకసారి మట్టిలో చేరితే తరాలపాటు ఉండిపోతాయి.

ఉప్పునీళ్లు, వెనిగర్, వంటసోడా ఆకు మీది మట్టిని, దుమ్మును వదిలిస్తాయి. సీసం చాలావరకు ఆ దుమ్ముతోనే వస్తుంది కాబట్టి కడగడం వృథా కాదు. కాడ్మియం సంగతి వేరు. దాన్ని వేరు పీల్చి ఆకులోకి పంపుతుంది. ఎంత కడిగినా విరగదు, ఎంత ఉడికించినా నశించదు. మన కిడ్నీల్లో చేరిందంటే సగానికి తగ్గడానికే 10 నుంచి 30 ఏళ్లు పడుతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఒంట్లో ఐరన్ తక్కువైతే పేగులు ఈ లోహాలను మరింతగా పీల్చుకుంటాయి. అంటే, ఆకుకూర తినమని మేం ఎవరికి చెబుతున్నామో ఆ ఆడవాళ్లకు, పిల్లలకే ముప్పు ఎక్కువ. అలాగని ఆకుకూరలు మానేస్తే ఐరన్ ఇంకా పడిపోతుంది. అందుకే మానేయమని నేను చెప్పను.

దీన్ని ఆసరాగా చేసుకుని ‘హెవీ మెటల్ ప్యానెల్’ అంటూ రక్తపరీక్షల ప్యాకేజీలు అమ్ముతున్నారు. బ్యాటరీలు, రంగుల పనిలో ఉన్నవాళ్లకు అవసరం కావచ్చు. ఇంటిల్లిపాదికీ అక్కర్లేదు. డీటాక్స్ పొడుల జోలికి అసలే వెళ్లొద్దు, వాటిలో కొన్నింటిలో సీసమే ఉంటుంది!

పరీక్షించాల్సింది కూరను. ఆకును ఎండబెట్టి, ఆమ్లంలో కరిగించి, ఐసీపీ-ఎంఎస్ అనే యంత్రంతో కొలవాలి. ఆకుకూరల్లో కిలోకు సీసం 0.3, కాడ్మియం 0.2 మిల్లీగ్రాములు మించకూడదని అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం. మన 2006 ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొనుగోలుదారు కూడా ఫీజు కట్టి పరీక్ష చేయించుకోవచ్చు. కొనేటప్పుడే ఆ మాట అమ్మేవాడికి చెప్పాలి. పది రూపాయల కట్ట కోసం ఎవరు చేయిస్తారు? పైగా ఆ చట్టం రైతుకు వర్తించదు. రైతుబజార్లో రైతే అమ్మే పాలకూర దాని పరిధిలోకే రాదు.

రైతును వదిలేయడం సబబే, ఆ విషాన్ని నదిలో వదిలింది అతను కాదు. కానీ అప్పుడు ఆ బాధ్యత ప్రభుత్వానిదవుతుంది. పొలాలవారీగా నీటిని, మట్టిని, కూరను ఏటా పరీక్షించాలి. ఫలితాలను రైతుబజార్ బోర్డు మీదే రాయాలి. మట్టి చెడిందని తేలినచోట ఆకుకూర బదులు పూలో, నర్సరీ మొక్కలో వేసుకోవడానికి రైతుకు డబ్బు సాయం చేయాలి. అది లేకుండా పరీక్ష ఒక్కటే చేస్తే ఆ కట్టలు మరో బజారుకు తరలుతాయి, అంతే.

ఈలోగా రోజూ ఒకే చోట, ఒకే కూర కొనకండి. కాడ్మియం ఆకుల్లో చేరినంతగా సొర, బీర, చిక్కుడులో చేరదు, వాటినీ మార్చి మార్చి వండండి. బాల్కనీ ఉంటే మెంతి, తోటకూర కుండీల్లో వేసుకోండి. పెచ్చులూడుతున్న పాత పెయింటు గోడ పక్కన మాత్రం పెట్టకండి, ఆ పెచ్చుల్లో సీసం ఉండొచ్చు.