పొక్కు మీద రంగు వేయకండి

"మీ ఆయన దుబాయ్‌ల ఏం పని చేస్తడు?" అని ఎవరైనా అడిగితే పన్నెండేళ్లుగా నా దగ్గర ఒక్కటే జవాబు: "పెయింటర్." అడిగినవాళ్లకు ఆ మాట సరిపోయేది. నిజం చెప్పాలంటే నాకూ సరిపోయింది. మా ఆలూర్‌లో, ఆ మాటకొస్తే ఆర్మూర్ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా, గల్ఫ్‌కు పోయిన మనిషి లేని వాడకట్టు దొరకడం కష్టం. డ్రైవర్, మేస్త్రీ, హెల్పర్, పెయింటర్... ఒక్క ముక్కలో చెప్పేస్తాం. ఆ తర్వాత వచ్చే ప్రశ్న పని గురించి కాదు. "నెలకు ఎంత పంపుతడు?" అంతే.

గోడలకు సున్నాలు, రంగులు వేస్తారనే అనుకున్నాను. కాదట. ఆయన రంగు వేసేది పడవలకు. అందులోనూ ఎక్కువగా తెరచాప పడవల మధ్యలో నిలబెట్టే అల్యూమినియం స్తంభాలకు. వాళ్ల యార్డులో దాన్ని మాస్ట్ అంటారు, నేనూ అదే అంటాను. చుట్టూ పసుపు చేలు, ఎర్రజొన్న చేలు తప్ప సముద్రం ఎరగని ఊళ్లో కూర్చున్న నాకు ఈ సంగతి తెలిసింది మా బాత్రూం కిటికీ పుణ్యమా అని.

పోయిన సెలవుల్లో ఆయన వచ్చినప్పటి మాట. ఇల్లు కట్టి తొమ్మిదేళ్లయింది. బాత్రూం కిటికీకి అల్యూమినియం ఫ్రేము. దాని కింది వైపు రంగు బుడగలు బుడగలుగా లేచింది. గోటితో గీకితే లోపల తెల్లటి పిండి. ఒక చిన్న డబ్బా తెప్పించి పైన ఒక కోటింగ్ వేసేస్తే పోతుంది కదా అన్నాను. ఆయన నా వైపు వింతగా చూసి, "పొక్కు మీద రంగేస్తరా ఎవరన్న? ఇది మా మాస్టులకు వచ్చే రోగమే" అన్నారు. మూడు రోజులు ఆ కిటికీ ముందు కూర్చున్నారు. పక్కన స్టూలేసుకుని నేనూ కూర్చున్నాను. పెళ్లయ్యాక ఆయన పని చేస్తుంటే చూడటం అదే మొదలు.

మనం సిల్వర్ గిన్నె అంటామే, అదే అల్యూమినియం. ఇనుముకు తుప్పు పడితే ఎర్రగా కనబడి ఇల్లంతా చాటుతుంది. అల్యూమినియం అలా కాదు. గాలి తగలగానే తన మీద తనే కంటికి కనబడని సన్నని పొర కప్పుకుంటుంది. ఆ పొరే దానికి కాపలా. పులుపు, ఉప్పు, యాసిడ్ ఆ కాపలాను తినేస్తాయి. చింతపండు పులుసు రాత్రంతా ఉంచిన సిల్వర్ గిన్నె అడుగున సూదిమొనంత గుంతలు పడటం మనలో చూడనిదెవరు? మా కిటికీని తిన్నది నేను వారం వారం బాత్రూం కడిగే యాసిడ్. మాస్టును తినేది సముద్రపు ఉప్పు.

రెండో శత్రువు స్టీలు స్క్రూ. స్టీలు, అల్యూమినియం, మధ్యలో ఉప్పునీళ్లు, ఈ మూడూ కలిస్తే అక్కడ చిన్న బ్యాటరీ తయారవుతుందట. అందులో కరిగిపోయేది అల్యూమినియమే. స్క్రూ మాత్రం తళతళలాడుతూనే ఉంటుంది. దాన్ని పట్టుకుని ఉన్నది లోపల్లోపల పిండి అవుతుంది. అందుకే మాస్టుకు రోగం మొదలయ్యేది ఎక్కువగా స్క్రూలు, రివెట్లు ఉన్న చోటే.

ఇక రంగు వేయడం. క్రేనుతో మాస్టును పడవ మీంచి దించి స్టాండ్ల మీద పడుకోబెడతారు. దానికున్న తాళ్లు, చక్రాలు, బిగింపులు అన్నీ విప్పి గుర్తులు పెట్టుకుంటారు. మంచినీళ్లతో ఉప్పు పోయేదాకా కడుగుతారు. జిడ్డు తుడుస్తారు. పాత రంగు లేచిన చోటల్లా మెరిసే లోహం కనబడేదాకా గీకుతారు. ఇనుప తీగల బ్రష్ మాత్రం వాడరు. దాని రజను అల్యూమినియంలో ఇరుక్కుంటే అదే మళ్లీ కొత్త రోగం. రాగి కలిసిన రంగులూ పనికిరావు. గుంత లోతెంతో చూస్తారు. లోహం మరీ పలచబడితే అది రంగుతో పోయే పని కాదు, అతుకు వేయాలి, లేకపోతే ఆ ముక్కే మార్చాలి.

గీకినాక ఆగకూడదు. ఆ కనబడని పొర మళ్లీ గట్టిపడకముందే, కొన్ని గంటల్లోనే, ప్రైమర్ పడాలి. తర్వాత ఎపాక్సీ, మళ్లీ రుద్దడం, ఆ పైన రెండు డబ్బాలు కలిపి కొట్టే మెరుపు రంగు. చలికాలం పొద్దున లోహం మీద మంచు చెమ్మ ఉంటే అది ఆరేదాకా రంగు ముట్టరు. చివరికి బిగింపులు పెట్టేటప్పుడు స్టీలుకూ అల్యూమినియంకూ మధ్య ప్లాస్టిక్ వాషరో, ప్రత్యేకమైన పేస్టో పెడతారు. మాస్టు అడుగున నీళ్లు పోయే కంత మూసుకుపోలేదని చూసుకుంటారు. "రంగేసుడు ఆఖరి పని. మొత్తం గీకుడు, కడుగుడు, తుడుసుడే" అన్నారు. వింటుంటే నాకు గర్వంగా అనిపించింది. ఇంత పనిని పన్నెండేళ్లు నేను ఒక్క మాటలో ముగించాను.

మూడో రోజు కిటికీకి రంగు కొట్టే ముందు ఆయన జేబులోంచి దస్తీ తీసి ముక్కుకు కట్టుకున్నారు. అది చాలా అలవాటైన చేతి పని. చూడకుండానే వెనక ముడి పడిపోయింది. నాకు ఎక్కడో గుచ్చుకుంది.

"అక్కడ కూడ దస్తీయేనా?" అన్నాను.

నవ్వారు. "మాస్కులు ఇస్తరు. ఎండకు ఉబ్బరిస్తది. అర్జెంటు పని ఉంటె దస్తీయే."

ఆయనకు రెండేళ్లుగా దగ్గు. ఫోన్లో అడిగితే "ఏసీ పడ్తలేదు" అనేవారు. నేనూ తక్కువ తినలేదు. అత్తమ్మ మోకాళ్ల నొప్పితో లేవలేకపోతుంటే "మంచిగనే ఉంది" అని చెప్పేదాన్ని. ఇద్దరం ఒకరికొకరు పైపైన ఒక కోటింగ్ వేసుకుంటూ వచ్చాం.

పట్టుబట్టి నిజామాబాద్‌లో డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాను. గొట్టంలో ఊదించి పరీక్ష చేశారు. డాక్టరమ్మ ఆయన్ని వదిలేసి నన్నే అడిగింది, "ఏం పని చేస్తారమ్మా?" అని. "పెయింటర్" అన్నాను. "ఏం రంగు? బ్రష్షా, స్ప్రేనా? రెండు డబ్బాలు కలిపేదా?" నా దగ్గర జవాబు లేదు. ఆయన ఫోన్లో డబ్బాల ఫోటోలు ఉంటే చూపించారు. ఆ రెండో డబ్బాలో ఉండే ఐసోసయనేట్ అనే మందు ఆస్తమా తెప్పించగలదని, ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే తర్వాత కొంచెం పీల్చినా రొమ్ము పట్టేస్తుందని ఆమె చెప్పింది. స్ప్రే కొట్టేటప్పుడు బయటి నుంచి పైపుతో మంచి గాలి వచ్చే మాస్కు ఉండాలట. ఆ పసుపు రంగు ప్రైమర్‌లో క్రోమేట్ ఉంటే అది ఇంకో భయం. ఆ రకం క్రోమియంను ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం మనుషులకు క్యాన్సర్ తెచ్చే వాటి జాబితాలోనే పెట్టింది. రంగు వేసేటప్పుడే కాదు, పాత రంగు గీకేటప్పుడు లేచే దుమ్ముతోనూ ప్రమాదమే.

పసుపు పాలిష్ పట్టే రోజుల్లో మనం ముక్కుకు కొంగు చుట్టుకుంటాం. దుమ్ము కొంతైనా ఆగుతుంది. ఆ అలవాటుతోనే దస్తీ చాలనుకుంటాం. ఆ రంగుల ఆవిరికి దస్తీ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఇంటికొచ్చాక అత్తమ్మ నన్ను కోప్పడింది. "పొయ్యేటోన్ని భయపెట్టకు బిడ్డా. ఆడోళ్లు అడిగితె కంపెనీ మారుతదా?" అంది. పక్కింటి వదినదీ అదే మాట. ఎక్కువ అడిగితే ఉద్యోగం పోతుంది, అప్పు అట్లనే ఉంటది అని. వాళ్ల భయం ఉత్తదని నేననను. వీసాకు చేసిన అప్పు తీరడానికి ఎన్నేళ్లు పడుతుందో నాకూ తెలుసు.

కానీ నేను అడిగింది కంపెనీని కాదు, మా ఆయన్ని. నేను అడిగాకే ఆయన పోయి ఫోర్‌మన్‌ను అడిగారు. పని చేసేవాళ్లకు రక్షణ సామాను ఇవ్వాల్సింది యజమానే అని అక్కడి కార్మిక చట్టంలోనూ ఉంది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదనే నియమం యూఏఈలో ఉన్న సంగతి మన ఆడవాళ్లు చాలామందికి తెలుసు. ఎండ కనబడుతుంది కాబట్టి "ఎండల తిరగకు" అంటాం. పీల్చే గాలి కనబడదు కాబట్టి అడగం.

2024లో మన రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. అది ఉండాల్సిందే, కాదనను. కానీ ఆ కాగితం పట్టుకుని ఆఫీసుకు పోయే రోజు నాకు రావద్దు. దానికి నేను చేయగలిగింది ఈ ఒక్కటే, అడగడం.

ఆయన తిరిగి పోయే రోజు శంషాబాద్ విమానానికి టైముందని ట్యాంక్‌బండ్ దగ్గర ఆగాం. హుస్సేన్ సాగర్‌లో పిల్లలు చిన్న చిన్న తెరచాప పడవలు నడుపుతున్నారు. అక్కడ యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేదింటి పిల్లలకు కూడా ఈ ఆట నేర్పుతోంది. ఆ చిన్న పడవల స్తంభాలూ అల్యూమినియంవే. ఎనిమిదో తరగతి చదివే మా పాప వేలు పెట్టి చూపించి, "డాడీ, నువ్వు రంగేసేది గదేనా?" అంది. "అవి చిన్నయి బిడ్డా. మాయి తాటిచెట్టంత ఉంటయి" అన్నారు. పాపకు తారిణి సంగతి చెప్పాను. 2017 సెప్టెంబర్‌లో గోవా నుంచి బయల్దేరి ఆరుగురు నేవీ అమ్మాయిలు ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవ మీద 2018 మేలో ప్రపంచం చుట్టి వచ్చారు. వాళ్లలో విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య ఇద్దరూ తెలుగువాళ్లే. "అంత దూరం పోయే పడవకు ఆ స్తంభమే ప్రాణం. దాన్ని బాగుచేసేటోళ్లలో మీ డాడీ ఒకరు" అన్నాను. ఆయన ముఖం అటు తిప్పుకుని చాలాసేపు నీళ్లనే చూశారు. పన్నెండేళ్లలో ఆయన పని గురించి ఇంట్లోవాళ్లు అడిగిన మొదటి ప్రశ్న మా పాప అడిగిందే కదా అనిపించింది.

ఇప్పుడు ఆయన స్ప్రే పని మానేశారు. బిగింపులు విప్పే, మళ్లీ పెట్టే సెక్షన్‌కు మార్చారు. ఓవర్‌టైమ్ తగ్గింది, నెలనెలా వచ్చే డబ్బు తగ్గింది. ఒక చిట్టి మధ్యలోనే వేరేవాళ్లకు ఇచ్చేశాను. దగ్గు పూర్తిగా పోలేదు, తగ్గింది. ఇన్‌హేలర్ వాడుతున్నారు. ఒక్కోసారి పక్కనే స్ప్రే కొడుతుంటే ఏం చేస్తారో నాకు తెలియదు. అందుకే రోజూ అడుగుతాను. వీడియో కాల్‌లో విసుక్కుంటూనే మాస్కు తీసి చూపిస్తారు, దాని పక్క డబ్బాలు ఎప్పుడు మార్చారో తారీఖు చెబుతారు. నేనూ అత్తమ్మ మోకాళ్ల సంగతి ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

మా కిటికీ కింది వైపు ఇప్పుడు నున్నగా ఉంది. యాసిడ్ మానేసి సబ్బునీళ్లతో కడుగుతున్నాను. స్క్రూల కింద ప్లాస్టిక్ వాషర్లున్నాయి.

ఇది చదువుతున్న అక్కలకు, చెల్లెళ్లకు నాది ఒకటే మాట. మీ ఇంటాయన గల్ఫ్‌లో ఉన్నా, పక్క ఫ్యాక్టరీలో ఉన్నా, ఆయన పనిని ఒక్క మాటలో కాదు, పది మాటల్లో చెప్పగలరా? ఏ డబ్బా వాడతారు, ఏం పీలుస్తారు, ముక్కుకు ఏం కట్టుకుంటారు? తెలియకపోతే ఈ రాత్రి ఫోన్లో డబ్బు సంగతి మాట్లాడకముందే అది అడగండి. విసుక్కుంటారు. అయినా అడగండి. రేపు డాక్టర్ మిమ్మల్ని అడిగితే నాలాగా నోరెళ్లబెట్టే పని ఉండదు.