దేశానికి పేరిచ్చిన చెట్టు

దేశాలకు నదుల పేర్లుంటాయి, జాతుల పేర్లుంటాయి. బ్రెజిల్‌కు మాత్రం ఓ చెట్టు పేరుంది. అదే పౌ-బ్రసిల్! మన చింత, కంది, తంగేడు ఉన్న చిక్కుడు కుటుంబమే దానిదీ. మానుకు ముళ్లు, కొమ్మలకు పసుపు పూలగుత్తులు, ఒక్కో పువ్వులో ఎర్రటి మచ్చ. బ్రెజిల్ తూర్పు తీరం వెంబడి ఉన్న అట్లాంటిక్ వానల అడవి తప్ప దానికి వేరే పుట్టిల్లు లేదు.

1500లో పోర్చుగీసు ఓడలు ఆ తీరం చేరాయి. ఈ చెట్టు చేవ నుంచి ఎర్రరంగు వస్తుంది. బట్టలకు అద్దే అలాంటి రంగుచెక్క అప్పటిదాకా ఆసియా నుంచే యూరప్‌కు వెళ్లేది. ఇప్పుడు అడవికి అడవే చేతికి చిక్కింది! స్థానిక తెగలవారితో కొట్టించి దుంగల్ని ఓడలకెక్కించారు. ఆ వ్యాపారం వందల ఏళ్లు సాగింది. 19వ శతాబ్దంలో రసాయన రంగులొచ్చాకే గిరాకీ పడిపోయింది.

అప్పటికే ఇంకో గిరాకీ తయారైంది. 18వ శతాబ్దం చివర్లో ప్యారిస్‌లో ఫ్రాన్స్వా తూర్త్ అనే పనివాడు వయొలిన్ కమానుకు ఈ కర్రను వాడి అందరికీ దారి చూపించాడు. గట్టిదనం ఉంటుంది, వంచితే చటుక్కున వెనక్కొస్తుంది. వేడిచేసి వంపు తిప్పితే ఆ వంపు అలాగే నిలుస్తుంది. అందుకే పేరున్న విద్వాంసులు ఇప్పటికీ ఈ కర్రనే కోరుకుంటారు.

ఈలోగా చెరకు తోటలు, కాఫీ తోటలు, పశువుల బీళ్లు, నగరాలు కలిసి అడవిలో చాలాభాగాన్ని మింగేశాయి. 1978లో బ్రెజిల్ దీన్ని జాతీయ వృక్షంగా ప్రకటించింది. 2007లో అంతర్జాతీయ వ్యాపారం మీద సైటిస్ ఒప్పందం అదుపు పెట్టింది. అయినా దొంగనరుకుడు ఆగలేదు. 2022లో పనామా సమావేశంలో ఇంకా కఠినమైన రక్షణ కావాలని బ్రెజిల్ పట్టుబట్టింది. నిబంధనలు బిగించారు గానీ అడిగినంతా దక్కలేదు.

కమాన్లు చేసేవాళ్ల బాధా కాదనలేం. తరతరాల పనితనం వాళ్లది. 2000లోనే సంఘంగా ఏర్పడి బ్రెజిల్‌లో మొక్కలు నాటించడానికి పూనుకున్నారు. కానీ ఈరోజు నాటిన మొక్క కమానుకు పనికొచ్చేది రేపటి తరానికే!

ఒక్క సంగతి మాత్రం చరిత్రే చెబుతోంది. రంగు కోసం నరకడం తగ్గింది జాలితో కాదు, వేరే రంగు దొరికాక. ఇప్పుడు కార్బన్ ఫైబర్ కమాన్లు వచ్చాయి. వేరే కర్రలతోనూ ప్రయత్నాలు జరుగుతున్నాయి. వాటిని విద్వాంసులు మనసారా చేతిలోకి తీసుకుంటే చాలు, ఆ చెట్టుకు కొంత ఊపిరి అందుతుంది. దేశానికి పేరిచ్చిన చెట్టు పేరుగానే మిగిలిపోకూడదు కదా!